పార్టీలతో (మనకు పనిచ్చే ఖాతాదారులతో) పరిచయం నిలబెట్టుకోవడం ఎలా: ప్రెస్ నడిపే తమ్ముడికి నా అనుభవం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తెనాలిలో నాన్నగారి ఆఫ్‌సెట్ ప్రెస్ రెండేళ్లుగా నువ్వే చూసుకుంటున్నావు, కొత్తగా డిజిటల్ మిషన్ కూడా పెట్టావు. పోయిన నెల ఒక ఎగ్జిబిషన్‌లో మూడు వందల కార్డులు పంచావు, రెండు వందల దాకా కార్డులు తెచ్చుకున్నావు, అందరికీ వాట్సాప్‌లో మెసేజ్ పెడితే జవాబిచ్చింది ఇద్దరే. వెంటపడితే విసుక్కుంటారేమో, వదిలేస్తే మర్చిపోతారేమో అని టెన్షన్ పడుతున్నావు. వారం వారం కలిసే బిజినెస్ గ్రూపులో చేరాలా, దీపావళికి పార్టీలకు ఏమివ్వాలి, నాన్నగారి కాలం నుంచి ఉండి ఏడాది కిందట వేరే ప్రెస్‌కి వెళ్లిపోయిన పార్టీని మళ్లీ పలకరించవచ్చా అని కూడా అడిగావు. వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

నేను 1993లో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రెస్‌లో మిషన్ దగ్గర కాగితం అందించే కుర్రాడిగా చేరాను. 2001లో సెకండ్‌హ్యాండ్ మినీ ఆఫ్‌సెట్ ఒకటి కొని సొంతంగా మొదలుపెట్టాను. నాకు మార్కెటింగ్ చదువు లేదు. కానీ ఈ ఊళ్లో ఎందరో వ్యాపారుల విజిటింగ్ కార్డులు, బిల్ బుక్కులు, క్యాలెండర్లు నా చేతుల మీదుగా వెళ్లాయి కాబట్టి ఎవరి వ్యాపారం ఎలా పెరిగిందో, ఎవరి దగ్గర పార్టీలు నిలిచాయో, ఎవరి దగ్గర నిలవలేదో దగ్గర నుంచి చూశాను.

ముందు ఆ మెసేజుల సంగతి. నువ్వు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పెట్టి ఉంటావు. నీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకోనివాళ్లకు బ్రాడ్‌కాస్ట్ అసలు వెళ్లదు. అంటే ఆ రెండు వందల మందిలో చాలామందికి నీ మెసేజ్ అందనే లేదు, వాళ్లు నిన్ను పట్టించుకోలేదని బాధపడాల్సిన పని లేదు. అలాగని ఇప్పుడు ఒక్కొక్కరికీ అదే మెసేజ్ కాపీ చేసి పంపడం మొదలుపెట్టకు, కొత్త నంబర్లకు ఒకేసారి అంతమందికి పంపితే నీ నంబరే బ్లాక్ కావచ్చు. అయినా ఆ మెసేజ్‌లో ఏముంది? మేం అన్ని రకాల ప్రింటింగ్ పనులు చేస్తాం, ఒకసారి అవకాశం ఇవ్వండి అనేగా. అది చదివినవాడికి నువ్వు గుర్తుకు రావాలంటే ఏం గుర్తుకు రావాలి?

నేను చేసేది చెబుతాను. ఎవరైనా కార్డు ఇస్తే, వాళ్లు పక్కకు వెళ్లగానే ఆ కార్డు వెనక వాళ్లు మాట్లాడిన ఒక్క ముక్క రాసుకుంటాను. "పచ్చళ్ల సీసా లేబుల్ నూనె తగిలి ఊడిపోతోంది అన్నారు." "రెండో బ్రాంచి ఏలూరులో, ఉగాదికి." "బాబు ఇంటర్ పరీక్షలు." అంతే. ఆ రోజే రాయాలి, ఇంటికి వెళ్లాక రాద్దామంటే ముప్పై ముఖాలు కలిసిపోతాయి. మరి వెనక రాయడానికి కుదరని కార్డులుంటాయి, రెండు వైపులా మెరిసే గ్లాసీ లామినేషన్ చేసినవి, వాటి మీద పెన్ను నిలవదు. అందుకే నా దగ్గర కార్డు వేయించుకునే ప్రతి పార్టీకీ ఒక వైపు మెరుపు లేకుండా మ్యాట్‌గా, కొంచెం ఖాళీగా ఉంచమని చెబుతాను, ఎవరైనా మీ గురించి నాలుగు అక్షరాలు రాసుకోవడానికి చోటు ఉండాలి కదా అని.

రెండు రోజుల్లోగా ఆ ముక్క పట్టుకునే పలకరించాలి. "అన్నా, మొన్న లేబుల్ ఊడిపోతోందన్నారు. కాగితం లేబుల్ కాకుండా పీపీ (ప్లాస్టిక్) స్టిక్కర్ వాడి చూడండి, నూనె తగిలినా పాడవదు. మా దగ్గర నమూనా ముక్కలున్నాయి, నాలుగు పంపిస్తాను, మీ సీసాకి అంటించి వారం ఉంచి చూడండి." ఇందులో ఆర్డర్ అడగలేదు, రేటు చెప్పలేదు, క్యాటలాగ్ పంపలేదు. నలభై పేజీల పీడీఎఫ్ పంపితే ఎవరూ తెరవరు, నేనూ తెరవను. జవాబు రాకపోతే రెండు మూడు వారాలాగి ఇంకొకసారి, అదీ చెప్పడానికి పనికొచ్చేది ఏదైనా ఉంటేనే. అప్పటికీ పలకకపోతే ఆ కార్డు డబ్బాలో వేసి, వాళ్ల సీజన్ వచ్చినప్పుడు తీస్తాను.

ఈ సీజన్ అన్నమాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఫాలో అప్ అనేదానిలో సగం పని ఇదే. స్కూళ్లు జూన్ రెండో వారంలో తెరుస్తారు, వాళ్లకి డైరీలు, ఐడీ కార్డులు, ఫీజు రసీదులు కావాలి. నువ్వు జూన్‌లో వెళితే పని అప్పటికే ఎవరికో ఇచ్చేసి ఉంటారు, మార్చిలో వెళ్లాలి. ఆడిటర్లకు, ట్యాక్స్ కన్సల్టెంట్లకు నెలలో 11వ తేదీ, 20వ తేదీ దగ్గర పడుతుంటే ఫోన్ చేయకు, అవి జీఎస్టీ రిటర్నుల గడువులు, ఆ రోజుల్లో వాళ్లకి అన్నం తినే తీరిక ఉండదు. పుస్తకాలు వేసేవాళ్లు విజయవాడ పుస్తక మహోత్సవానికి సరుకు సిద్ధం చేసుకోవాలి, అది జనవరి మొదట్లో, కాబట్టి నవంబర్ నుంచే వాళ్లకి కంగారు. పెళ్లి ముహూర్తాలు లేని ఆషాఢంలో, మూఢంలో ఫంక్షన్ హాళ్ల వాళ్లు, క్యాటరింగ్ వాళ్లు ఖాళీగా ఉంటారు. అప్పుడు వెళితే టీ తాగించి మరీ గంట మాట్లాడతారు, అదే మాఘమాసంలో వెళితే ముఖం కూడా చూడరు. మనిషి అదే, మనం వెళ్లిన రోజు తేడా. నువ్వు విసుక్కుంటారని భయపడుతున్నావే, చాలామంది విసుక్కునేది మనం ఫోన్ చేసినందుకు కాదు, వాళ్లు చేతినిండా పనిలో ఉన్నప్పుడు మన అవసరం కోసం ఫోన్ చేసినందుకు.

పాత పార్టీలకైతే ఇంకా తేలిక. నా దగ్గర జాబ్ రిజిస్టర్లు 2001 నుంచి ఉన్నాయి. ప్రతి పనికీ ఒక నమూనా అంటించి, పక్కన కాగితం ఎంత జీఎస్ఎం (మందం తెలిపే బరువు), ఏ ఇంకు, ఎన్ని పుస్తకాలు, నంబరు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని రాసి ఉంటుంది. ఒక హార్డ్‌వేర్ షాపుకి పది బిల్ బుక్కులు ఇచ్చాననుకో, పుస్తకానికి 50 బిల్లులు, మొత్తం 500. డెలివరీ ఇచ్చేటప్పుడే రోజుకి ఎన్ని రాస్తారని అడుగుతాను. ఐదు అంటే వంద పనిరోజులు, ఆదివారాలు తీసేస్తే నాలుగు నెలలకు కాస్త తక్కువ. మూడో నెల చివర్లో ఫోన్ చేసి, "బిల్ బుక్ ఇప్పుడు ఏ నంబరులో ఉంది బాబాయ్?" అని అడుగుతాను. ఆయన గల్లాపెట్టె దగ్గర పుస్తకం తిరగేసి 410 అంటాడు, ఆయనకే అప్పుడు తెలుస్తుంది పుస్తకాలు అయిపోవస్తున్నాయని. "పనేమైనా ఉందా సార్" అని అడిగే ఫోనుకీ ఈ ఫోనుకీ ఎంత తేడా ఉందో చూడు. మొదటిది నా అవసరం, రెండోది ఆయన అవసరం. ఫిబ్రవరిలో ఇంకొకటి గుర్తు చేస్తాను: ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆర్థిక సంవత్సరం, చాలామంది ఇన్‌వాయిస్ నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు, ఇప్పుడు ఎక్కువ వేయించుకుంటే మిగిలిపోతాయి అని.

అలా చెప్పడం వల్ల ఒక్కోసారి వచ్చే ఆర్డరే పోతుంది, అది నిజం. 2017 ఫిబ్రవరిలో వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ వ్యాపారి ఏడాదికి సరిపడా బిల్ బుక్కులు వేయమని వచ్చారు. అప్పట్లో నాకు ఆ ఆర్డర్ చాలా పెద్దది, మిషన్ వాయిదా కూడా కట్టాలి. కానీ జూలై 1 నుంచి జీఎస్టీ వస్తుందని అప్పటికే మాట వినిపిస్తోంది. వస్తే పాత టిన్ నంబరు (వ్యాట్ నంబరు) ఉన్న బిల్లులు ఎందుకూ పనికిరావు, కొత్తగా 15 అక్షరాల జీఎస్టీ నంబరు, సరుకు రకం తెలిపే హెచ్ఎస్ఎన్ కోడు, అన్నీ మారతాయి. ఆ మాటే చెప్పి, ఐదు నెలలకు మాత్రం వేయించుకోండి అన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి, సరే అలాగే చెయ్ అన్నారు. ఆ నెల నాకు కష్టమే అయింది. జూన్ చివరికి ఊళ్లో ప్రతి షాపూ ఒకేసారి ప్రెస్సుల మీద పడింది, రాత్రింబవళ్లు మిషన్లు ఆగలేదు. ఆయన తన బజారులో పద్నాలుగు షాపుల వాళ్లని నా దగ్గరికి తీసుకొచ్చారు. వాళ్ల లిస్టు తనే రాసుకుని, ఎవరికి బిల్లుకి మూడు కాపీలు కావాలో ఎవరికి రెండు చాలో కూడా తనే అడిగి రాసుకొచ్చారు. సరుకు అమ్మేవాళ్లకి మూడు, సర్వీసు వాళ్లకి రెండు అని నేను అంతకుముందు ఆయనకి చెప్పి ఉన్నాను. ఆ పద్నాలుగు మందిలో తొమ్మిది మంది ఇప్పటికీ నా పార్టీలే, బిల్లింగ్ అంతా కంప్యూటర్‌లోకి వెళ్లిపోయాక కూడా క్యారీబ్యాగులకీ, పెట్టెలకీ, పిల్లల పెళ్లి శుభలేఖలకీ వస్తారు.

ఇలాంటి మార్పు ఎప్పుడొస్తుందా అని చూసుకుంటూ ఉండాలి. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు విజయవాడ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. లెటర్‌హెడ్లు, కవర్లు, రబ్బరు స్టాంపులు అన్నిటిలో చిరునామా మారాలి. నేను ఆ వారం ఫోన్లు చేసింది ఆర్డర్ కోసం కాదు, పాత కవర్లు ఎన్ని మిగిలాయో అడిగి, అవి పారేయకండి, జిల్లా పేరు ఉన్న చోట చిన్న స్టిక్కర్ వేసుకుంటే సరిపోతుందని చెప్పడానికి. మీ తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది కాబట్టి నీకు ఆ పని తగల్లేదు, కానీ పక్కనే బాపట్ల కొత్త జిల్లా అయింది, అక్కడ నాన్నగారికి పార్టీలు ఉండే ఉంటారు.

మంచిరోజుల్లో పలకరించడం సరే, తప్పు జరిగినప్పుడు ఏం చేస్తాం అన్నది ఇంకా ముఖ్యం. 2009లో ఒక శుభలేఖలో మేం తప్పు చేశాం. ముహూర్తం గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం. ప్రూఫ్ సరిచేసేటప్పుడు "తెల్లవారితే" అన్న మాట ఎగిరిపోయి ఉత్త శుక్రవారం, రాత్రి 2 గంటల చిల్లర అని పడింది. చదివినవాళ్లు ఒకరోజు ఆలస్యంగా వస్తారు, అంతకన్నా ఘోరం ఏముంది? డెలివరీ అయ్యాక నేనే రిజిస్టర్లో నమూనా అంటిస్తూ చూశాను. వాళ్లు ఇంకా గమనించలేదు. ఒళ్లు చల్లబడింది. కానీ ఫోన్ చేయకుండా నేరుగా ఇంటికే వెళ్లాను. అప్పటికే కార్డుల మూలలకు పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టి, ఇరవై దాకా పంచేశారు. ఆ ఇంటి పెద్దాయన కేకలేశారు, నేను నిలబడి విన్నాను. తెల్లారేసరికి 500 కార్డులు మళ్లీ వేసి ఇచ్చాను, పంచిన ఇరవై ఇళ్లకీ వాళ్ల అబ్బాయిని బండి మీద ఎక్కించుకుని నేనే తిరిగి మార్చాను. డబ్బు తీసుకోలేదు. ఆ ఇంట్లో ఆ తర్వాత నాలుగు పెళ్లిళ్లు జరిగాయి, నాలుగు శుభలేఖలూ మా దగ్గరే. ఆ పెద్దాయన ఎవరికైనా నా గురించి చెప్పేటప్పుడు పని బాగా చేస్తాడని చెప్పరు, "తప్పు చేస్తే వాడే వచ్చి చెబుతాడు" అని చెబుతారు. నాకు అంతకంటే మంచి రెఫరెన్స్ ఎవరూ ఇవ్వలేదు.

అలాగే 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఏప్రిల్, మే ముహూర్తాల శుభలేఖలు కట్టలు కట్టి ప్రెస్‌లో ఉండిపోయాయి. కొందరు అడ్వాన్స్ తిరిగి ఇమ్మన్నారు, అడగడం తప్పు కాదు. కాగితానికి పెట్టిన డబ్బు ఖర్చయిపోయింది కాబట్టి మొత్తం ఇవ్వలేకపోయాను, అయినా మళ్లీ ముహూర్తం పెట్టుకున్నప్పుడు కొత్త కార్డుకి కాగితం ఖర్చు మాత్రమే తీసుకుంటానని ప్రతి ఒక్కరికీ విడిగా ఫోన్ చేసి చెప్పాను. చెప్పినట్టే చేశాను.

ఇక గ్రూపుల సంగతి. నువ్వు అడిగిన బీఎన్ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) 1985లో అమెరికాలో ఐవాన్ మైస్నర్ మొదలుపెట్టింది, ఒక చాప్టర్‌లో, అంటే స్థానిక శాఖలో, ఒక్కో వృత్తికి ఒక్కరినే తీసుకుంటారు, వారానికోసారి పొద్దున్నే కలుస్తారు, ఒకరికొకరు రెఫరల్స్ ఇచ్చుకుంటారు. పద్ధతి మంచిదే, నాకు తెలిసినవాళ్లకి పని దొరికింది కూడా. కానీ ప్రతి వారం వెళ్లగలగాలి, ఫీజు తక్కువేం కాదు, అంతకన్నా ముఖ్యంగా వాళ్లు పంపిన పని నువ్వు చెప్పిన తేదీకి ఇవ్వగలగాలి. అక్కడ ఒక పని చెడితే గ్రూపు మొత్తం ఒకే రోజున తెలుసుకుంటుంది. నీ డిజిటల్ మిషన్ మీద ఇంకా చేయి తిరగలేదని నువ్వే రాశావు. ఏడాది ఆగు. ఈలోగా అతిథిగా ఒకసారి రానిస్తారు, వెళ్లి చూసి రా.

నా అనుభవంలో పని తెచ్చిపెట్టినవాళ్లు చాలావరకు వ్యాపారులే కాదు. మా అబ్బాయి చదువుకునేటప్పుడు ఒక సంగతి చెప్పాడు, 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడట, మనకి కొత్త కబురు దగ్గరి స్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువ వస్తుందని, ఎందుకంటే దగ్గరివాళ్లకు తెలిసింది మనకీ ముందే తెలిసి ఉంటుందని. అది వినగానే నాకు లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తాగారు గుర్తొచ్చారు. పార్సిళ్లు బుక్ చేసే మనిషి, ఏ కంపెనీ కొత్తగా సరుకు పంపడం మొదలుపెట్టిందో ఊళ్లో అందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఒకరోజు మాటల్లో ఒక మందుల పంపిణీదారు పేరు చెప్పారు, నేను వెళ్లాను, పని రాలేదు, వాళ్లకి అప్పటికే ప్రెస్ ఉంది. మర్నాడు ఆయన దగ్గరికి వెళ్లి, "మీరు చెప్పినచోటికి వెళ్లానండీ, పని కుదరలేదు, కానీ బాగా మాట్లాడారు, మీ పేరు చెబితే కూర్చోబెట్టారు" అని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయారు. ఇన్నేళ్లలో ఎందరికో పేర్లు చెప్పానయ్యా, ఏమైందో తిరిగొచ్చి చెప్పినవాడివి నువ్వే అన్నారు. ఆ తర్వాత ఆయన చెప్పిన మూడు చోట్ల నాకు పని దొరికింది. ఎవరైనా నీకు ఒక పేరు చెబితే, పని అయినా కాకపోయినా, ఆ కబురు వాళ్లకి చేరవెయ్యి. కృతజ్ఞత అంటే స్వీట్ బాక్స్ అనుకుంటాం. చెప్పినవాళ్లకి కావలసింది తమ మాటకు ఏమైనా విలువ దక్కిందా అన్న సంగతి.

దీపావళి కానుకలు అడిగావు కాబట్టి స్వీట్ల సంగతీ చెబుతాను. ఇవ్వు, కానీ పండగ రోజు ఒక్కో ఆఫీసుకి ఇరవై పెట్టెలు వస్తాయి, నీది ఎవరిచ్చారో కూడా తెలియదు. మన వృత్తిలో మనకి ఒక వీలుంది, క్యాలెండర్. అయితే ఏటా డిసెంబర్‌లో వేలకొద్దీ క్యాలెండర్లు వేస్తాను, వాటిలో గోడ మీద ఏడాదంతా ఉండేవి ఏవో నాకు తెలుసు. ఇంట్లో గోడకు మేకు ఒకటే ఉంటుంది. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం స్పష్టంగా ఉండి, అంకెలు పెద్దవిగా ఉండి, పాల ప్యాకెట్ల లెక్క రాసుకోవడానికి గడిలో చోటున్న క్యాలెండరే ఆ మేకుకి ఎక్కుతుంది. అందమైన సీనరీలు వేసి కంపెనీ పేరు అరచేయంత వేసినవి పిల్లల పుస్తకాలకు అట్టలవుతాయి. కాబట్టి ఏది ఇచ్చినా వాళ్లు వాడుకునేది ఇవ్వు. లెక్కల మాట కూడా వినుకో, ఉచితంగా కానుకగా ఇచ్చిన వస్తువుల మీద జీఎస్టీ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గించుకునే వీలు) రాదు, ఆడిటర్‌ని అడిగి రాయించుకో. ప్రభుత్వ ఆఫీసులవాళ్లకి ఖరీదైనవి ఏవీ వద్దు, అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడు కూడా నేరస్థుడే, కానుకకీ దానికీ మధ్య గీత ఎక్కడుందో నీకోసం ఎవరూ వెతకరు. ఒక స్కూల్లో డైరీల పని ఇస్తాం, పుస్తకానికి ఇంత చేతిలో పెట్టు అని నన్ను అడిగారు. కుదరదన్నాను, పని పోయింది. అలా కొన్న పరిచయం రేటు ఏటా పెరుగుతుంది తమ్ముడూ, ఇంకొకడు రూపాయి ఎక్కువ ఇస్తే అక్కడితో సరి.

నా లెక్కలో మంచి కానుక పనిలోనే ఉంటుంది. పిల్లల డాక్టరుగారు ఒకరికి టీకాల కార్డులు వేస్తాం. ఒకసారి మా మనవరాలిని తీసుకెళ్లి అక్కడ కూర్చున్నప్పుడు చూశాను, తల్లుల చేతుల్లో ఆ కార్డులు మడత దగ్గర చిరిగి రెండు ముక్కలుగా ఉన్నాయి. ఐదేళ్లు దాచుకోవాల్సిన కార్డు అది. తర్వాత విడతలో మందం మార్చి, మడత పడేచోట ముందే క్రీజింగ్ (గీతలా నొక్కడం) వేసి, అదే రేటుకి ఇచ్చాను. డాక్టరుగారికి చెప్పనేలేదు. రెండు నెలల తర్వాత ఆయనే ఫోన్ చేశారు.

కొనేవాళ్ల గురించే ఇంతసేపు రాశాను, మనం ఎవరి దగ్గర కొంటామో వాళ్ల గురించి నువ్వు ఒక్కమాట కూడా అడగలేదు. అది నాకు వెలితిగా అనిపించింది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో నా గోడౌన్ మునిగింది. రీములు రీములుగా కాగితం నీళ్లలో నాని గోడలా ఉబ్బిపోయింది, కటింగ్ మిషన్ మోటారు బురదలో ఉంది. నీళ్లు తీశాక లోపలికి వెళ్లి అక్కడే కూర్చుండిపోయాను. ఆ వారంలో నాకు మొదట వచ్చిన ఫోను నా పేపర్ మర్చంట్‌ది. "నీ ఆర్డర్లు ఏవి ఆగిపోయాయో చెప్పు, కాగితం ప్రెస్‌కి పంపిస్తాను, డబ్బు సంగతి సంక్రాంతి తర్వాత చూద్దాం" అన్నారు. మిషన్ మెకానిక్ మోకాలి లోతు బురదలో వచ్చి మోటారు విప్పి తీసుకెళ్లి ఆరబెట్టి తెచ్చాడు. వాళ్లిద్దరికీ నేను ఏళ్ల తరబడి చేసింది ఒక్కటే, ఏ తేదీకి డబ్బిస్తానన్నానో ఆ తేదీకి ఇచ్చాను, ఇవ్వలేని నెలలో రెండు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పాను. చిన్న తయారీదారులకి 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతుంది, రాతపూర్వకంగా ఒప్పందం లేకపోతే 15 రోజులే. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి అలా కట్టకపోతే ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఆ ఏడాదికి ఒప్పుకోరు. కానీ పేపర్ మర్చంట్ కొని అమ్మేవాడు, ఆయనకి ఆ చట్టం అండ దొరకదు. ఆయనకి ఉన్నది నా మాట ఒక్కటే. అలాంటివాళ్ల డబ్బు ముందు కట్టాలని నేను పెట్టుకున్న పద్ధతి. బైండింగ్ చేసే అక్కకి శనివారం సాయంత్రం ఐదింటికి కవరు చేతిలో ఉంటుంది, ఆ వారం పార్టీ డబ్బు రాకపోయినా సరే. పార్టీ ఎవరైనా పుస్తకం చూసి బైండింగ్ బాగుందంటే ఆ మాట తీసుకెళ్లి ఆమెకి చెబుతాను, వీలైతే పార్టీనే తీసుకెళ్లి ఆమె ముందు చెప్పిస్తాను.

చివరిగా నాన్నగారి పాత పార్టీ. వెళ్లవచ్చా అని అడిగావు, తప్పకుండా వెళ్లు, ఫోన్‌లో కాదు. వెళ్లేముందు నాన్నగారిని కూర్చోబెట్టి వాళ్ల గురించి మొత్తం అడుగు: మొదటి పని ఎప్పుడు చేశారు, ఏ కాగితం ఇష్టపడేవాళ్లు, ఎప్పుడైనా మాటపట్టింపు వచ్చిందా. ఎందుకు వెళ్లిపోయారో నువ్వు రాయలేదు. నాన్నగారి నుంచి నీ చేతికి ప్రెస్ వచ్చినప్పుడు నువ్వు వెళ్లి వాళ్లని కలిశావా? రెండేళ్లలో ఒక్కసారైనా? కలవకపోతే కారణం అదే కావచ్చు, రేటు కాకపోవచ్చు. నాన్నగారి పాత ఫైళ్లలో వాళ్లకి వేసిన మొట్టమొదటి బిల్ బుక్కో శుభలేఖో నమూనా ఉంటుంది, వెతికి తీసుకెళ్లు. నాన్నగారికి ఓపిక ఉంటే ఆయన్నీ తీసుకెళ్లు. కూర్చున్నాక పని అడగకు. "రెండేళ్లయింది, నేను రావాల్సింది, రాలేదు. మా వల్ల ఏ పనిలో ఇబ్బంది పడ్డారో చెబితే వింటాను" అను. వాళ్లు చెప్పేటప్పుడు మధ్యలో సమాధానం చెప్పుకోకు, ఇంటికి వచ్చాక రిజిస్టర్లో రాసుకో. మధ్యాహ్నం భోజనం వేళ కాకుండా, నాలుగు దాటాక వెళ్లు, బజారు కాస్త సద్దుమణుగుతుంది. ఏమన్నారో నాకు రాయి.